కత్తి పెట్టని బొండం

కొమ్మ లేని చెట్టెక్కే మావా, కొంచెమాగి చూడు మావా,
ఆకాశానికి దగ్గరున్న బొండమొకటి దించు మావా...

ఆ తర్వాత ఇంకో వరుస ఉండేది. ఎండ మాటేదో వస్తుంది అందులో. గుర్తు రావడం లేదు. చిన్నప్పుడు పీచు తాళ్ళు పేనుతూ పాడుకునేవాళ్ళం. రాగం మిగిలింది, మాట పోయింది. ఆ పాట నోటికొస్తే నాకు దండాసి మావ గుర్తొస్తాడు. ఆయన కథ చెబుతాను, వినండి.

అనగనగా ఒక ఇసక నేల. ఇసక నేల మీద కొబ్బరి తోటలు. తోటల నడుమ ఒక పాక. పాకలో ఒక దండాసి. ఆయనకి ఉన్నవి మూడే. కాళ్ళకి వేసుకునే తాడు, నడుముకి కత్తి, భుజాన తువ్వాలు. చెట్లన్నీ ఊళ్ళోవాళ్ళవి. ఎక్కడం మాత్రం ఆయనది.

ఊళ్ళో ఎవరికైనా ఒళ్ళు బాగాలేదని చెవిన పడితే చాలు. చెట్టు ఎక్కేవాడు, బొండం దించేవాడు, చెక్కి నోటికందించేవాడు. "తాగు, కడుపు సల్లబడతాది" అనేవాడు. ఎవరి చెట్టు అని ఆయన అడగలేదు, ఎవరూ ఆయన్ని అడగలేదు. జ్వరానికి బొండం, బాలింతకి బొండం, ముసలి ప్రాణానికి బొండం. మా ఊరి మర్యాద అదే. తెస్తే కాదనకూడదు.

అలా ఉండగా ఊళ్ళోకి ఒక జబ్బు వచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ముందు కాళ్ళు ఉబ్బేవి. తర్వాత అన్నం సయించేది కాదు. ఆ తర్వాత ఒంటేలు ఎండిపోయేది. పట్నం డాక్టరు చూసి కిడ్నీలు పోయాయన్నాడు.

నా పెనిమిటి కూర్మయ్యకీ అదే వచ్చింది. వారానికి మూడు రోజులు తొలి బస్సులో పట్నం వెళ్ళేవాళ్ళం. అక్కడ ఒక మిషను. చేతికి రెండు సూదులు గుచ్చి, ఒంట్లో రక్తమంతా బయటికి తీసి, కడిగి, మళ్ళీ లోపలికి పంపేది. నాలుగు గంటలు. నేను గడప దగ్గర కూర్చుని ఆ ఎర్రటి గొట్టాలకేసి చూసేదాన్ని. మనిషి రక్తం మనిషిని విడిచి బయట తిరిగి రావడం ఏమిటి, దానికి దారెలా తెలుస్తుంది అనుకునేదాన్ని.

మిషనుకన్నా కష్టం దాహం. రోజంతా కలిపి రెండు గ్లాసుల నీళ్ళే. అంతకు మించితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని సిస్టరమ్మ చెప్పింది. ఒక కాయితం కూడా చేతిలో పెట్టింది. "అన్నీ ఇందులో ఉన్నాయి, ఇంటికెళ్ళి చదివించుకోండి" అంది. ఆయనకీ చదువు లేదు, నాకూ లేదు. చదివించుకుందాం అనుకుంటూనే జీడిపిక్కల పనుల కాలం వచ్చేసింది. కాయితాన్ని సంచిలో చుట్టి చూరులో దోపాను.

ఒకసారి గాలివానకి రోడ్డు తెగింది. బస్సు రాలేదు. మిషను దగ్గర ఒక వంతు తప్పిపోయింది. నాలుగో రోజుకి ఆయన నాలుక అంగిటికి అంటుకుపోయింది. నన్ను చూసి ఏడవబోయాడు, కంట్లో నీరు లేదు.

ఆ మాట దండాసి మావ చెవిన పడింది. చెట్టు ఎక్కాడు, బొండాలు దించాడు, మూడు పట్టుకొచ్చాడు. నేను అడ్డం నిలబడ్డాను. నీళ్ళు పోయకూడదన్నారు మావా, అన్నాను.

"ఇది నీళ్ళు కాదే కోడలా, బొండం," అన్నాడు. "బొండం వద్దన్నారా?"

ఎవరూ అనలేదు. నాకు తెలిసినంతలో ఎవరూ అనలేదు.

మావ చెక్కాడు. నేను పట్టాను. కూర్మయ్య తాగాడు. ఒకటి తాగాడు, రెండోది తాగాడు, మూడోది తాగి నవ్వాడు. ఆరు నెలల్లో అదే మొదటిసారి నవ్వడం. "మావా, నీ చెట్టు ముందు మిషను పనికిరాదు" అని ఎకసెక్కమాడాడు కూడా. పొద్దు వాలకముందే చేతులు చచ్చుబడిపోతున్నాయన్నాడు. మంచం కోడు పట్టుకోబోయి పట్టుకోలేకపోయాడు. అంతే.

జబ్బు మనిషి, వంతు తప్పింది, పోయాడు అనుకున్నారంతా. నేనూ అలాగే అనుకున్నాను.

రోడ్డు బాగయ్యాక దండాసి మావ పట్నం వెళ్ళాడు. కూర్మయ్య ఇక రాడు, ఆ వంతు ఇంకొకరికి ఇవ్వండి అని చెప్పడానికి. ఎలా పోయాడని సిస్టరమ్మ అడిగింది, ఈయన జరిగింది చెప్పాడు. ఆవిడ తల పట్టుకుంది. బొండం నీళ్ళలో ఒక ఉప్పు ఉంటుందట. మంచి కిడ్నీ దాన్ని బయటికి తోసేస్తుంది. పాడైన కిడ్నీ తోయలేదు. అది పోగై గుండెని ఆపేస్తుంది.

ఆ మాట ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. నోరు మూసుకుంటే ఆయన మీద మాట పడేది కాదు. కానీ బస్సు దిగి తిన్నగా మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"కోడలా, నీ మొగుణ్ణి జబ్బు తీసుకుపోలేదు. నా బొండం తీసుకుపోయింది," అన్నాడు.

నేను తలుపు వేసేశాను.

అక్కణ్ణుంచి మిషనుకెళ్ళే ప్రతి ఇంటికీ వెళ్ళి అదే చెప్పాడు. నా చేత్తోనే జరిగింది, మీరు తాగొద్దు, ఎవరు తెచ్చినా తాగొద్దు అన్నాడు. ఒకరు తిట్టారు. ఒకరు ఆయన తాడు లాగి ఇసకలో విసిరారు. ఒకావిడ, అప్పటికే మొగుడు పోయినావిడ, ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది. ఆయన చెప్పడం మాత్రం మానలేదు.

అయితే జబ్బు మనిషి దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళడం ఆయన వల్ల కాలేదు. కత్తిని పాకలోనే దూలానికి గుచ్చేశాడు. బొండాన్ని చెక్కకుండా పట్టుకెళ్ళేవాడు. మంచంలో ఉన్నవాళ్ళ చెంపకి ఆనించేవాడు, అరికాళ్ళకి ఆనించేవాడు, ఒళ్ళో పెట్టేవాడు. "సల్లదనం మట్టుకే నీది. నీళ్ళు నీవి కావు," అనేవాడు. చెప్తే నమ్మరు గానీ, దానికే ప్రాణం కాస్త కుదుటపడేది.

మా గుమ్మానికి ఇంకో రెండుసార్లు వచ్చాడు. ఒకసారి పీచు తాడు చుట్ట తెచ్చాడు, నేను తలుపు తియ్యలేదు. ఇంకోసారి ఏమీ తేలేదు. తలుపు సందులోంచి చూశాను. కాళ్ళు ఉబ్బి ఉన్నాయి. జబ్బు ఆయన్నీ పట్టింది. అప్పుడూ తియ్యలేదు.

ఆ ఏడే మా వాడలో పెద్దవాళ్ళకి పలకలిచ్చి అక్షరాలు నేర్పారు. నేనూ వెళ్ళాను. ముందు అ నేర్చుకున్నాను, తర్వాత నా పేరు, ఆ తర్వాత కూర్మయ్య పేరు. కూడబలుక్కోవడం వచ్చాక చూరులో కాయితం జ్ఞాపకం వచ్చింది. దించాను, దులిపాను, గుమ్మంలో కూర్చుని చదివాను. మొదటి వరుస ఉప్పు గురించి. రెండోది నీళ్ళ గురించి. మూడోది వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివాను. కొబ్బరి నీళ్ళు తాగరాదు.

ఆ మూడు బొండాలు తాగినప్పుడు ఈ కాయితం కూర్మయ్య తలపైన చూరులోనే ఉంది.

మర్నాడు పొద్దున్నే దండాసి మావ పాకకి వెళ్ళాను. అప్పటికి మిషను సూదులకి ఆయన చేతి నరాలన్నీ మూసుకుపోయాయి. సూది దిగే చోటు లేదని మిషను ఆపేశారు. నేను వెళ్ళొచ్చాక మూడు రోజులే బతికాడు.

ఇప్పటికీ మా ఊళ్ళో మిషనుకెళ్ళే మనిషిని చూడ్డానికి ఎవరొచ్చినా చెక్కని బొండమే తెస్తారు. దాన్ని దండాసి బొండం అంటారు. గుమ్మంలోనే ఇంటివాళ్ళు అడుగుతారు, "కత్తి ఇంటికాడ వదిలావా?" అని. వచ్చినవాళ్ళు "వదిలాను" అంటారు. అప్పుడే లోపలికి రమ్మంటారు. దండాసిని చూడని పిల్లలు కూడా అడుగుతారు. పట్నం నుంచి ఏ కాయితం వచ్చినా పైకి చదివాకే దాస్తారు. అది మాత్రం నేను పెట్టిన అలవాటు.

ఆ పొద్దున పాకలో దండాసి మావ నాతో అన్న మాట చెప్పి ఆపుతాను.

నా చేతుల్లో చెక్కని బొండం ఉంది. కాయితం సంగతంతా చెప్పాను. నా ఇంట్లోనే ఉంది మావా, నా తలపైనే ఉంది, అన్నాను. కత్తి తెచ్చావా అని అడిగాడు. లేదన్నాను. ఇలా ఇమ్మని చెయ్యి చాపాడు. గుండెల మీద పెట్టుకున్నాడు గానీ చేతుల్లో పట్టు లేక అది జారిపోతోంది.

"అటుపక్క నువ్వు పట్టుకో కోడలా," అన్నాడు. "ఒక్కడికి బరువుగా ఉంది."