ఏడో గడప వేలిముద్ర

ఒకానొక రాజ్యంలో జనం రాజుకన్నా గడపలకు ఎక్కువ భయపడేవారు. ఆ గడపలు పెట్టించింది మాత్రం రాజే. పేరు గజకేతుడు.

"ఉప్పు పంచడమైనా, ఊరు కట్టడమైనా, నా రాజ్యంలో పనికి ఒకటే దారి" అని ఆయన శాసనం వేయించాడు. ప్రతి పనికీ ఒక కాగితం. అది కచేరీలోని ఏడు గడపలు వరసగా దాటాలి. ఐదింటిలో ముద్రలు. ఆరో గడపలో పని జరగాలి. ఏడో గడపలో, ఆ పని ఎవరికి జరిగిందో వారు వచ్చి "పూర్తయింది, నాకు తృప్తి" అని వేలిముద్ర వేయాలి. ఏ పనైనా మొదలుపెట్టి ఏడు గడపలూ వరసగా దాటించనివారికి తల ఉండదు.

మొదటి గడపలో రాతపని ఓబులమ్మది. ఒకనాడు గట్టు కావలివాడు తడిబట్టలతో ఆమె ముందు కూలబడ్డాడు.

"అమ్మా, ఏటిగట్టు బీటలిచ్చింది. పొద్దుగూకే లోపు తెగుతుంది. కింద మూడొందల కొంపలు!"

ఏడు గడపలంటే నెల. ఓబులమ్మ కావలివాడు చెప్పింది రాసుకుంది, గట్టు పటం తీసింది, మట్టిపనివాళ్ల పేర్లు వెతికింది. అన్నీ ఒకే గుడ్డలో మూటగట్టి, మిగతా గడపలు వదిలేసి, మట్టిపనివాళ్ల దగ్గరికి తనే పరుగెత్తింది.

గట్టు నిలిచింది. మూడోనాడు భటులు వచ్చారు.

"గట్టు నిలిచింది, నిజమే" అన్నాడు గజకేతుడు నిండుసభలో. "తెగింది నా శాసనం. దానికి మట్టి ఎవరు పోస్తారు? తీయండి తల!"

ఆ శాసనాన్ని ఓబులమ్మ తన చేత్తో నూరుసార్లు ప్రతులు రాసింది. ఇప్పుడు 'పనికి ఒకటే దారి' అన్న ఒక్క వాక్యమే గుర్తుకొస్తోంది.

"మహాప్రభూ, నా తల తీయడం కూడా రాజ్యం పనేనా?"

"కాక? నీ సొంత పనా?"

సభ గొల్లుమంది.

"అయితే ఆ కాగితమూ ఏడు గడపలు దాటాలి కదండీ."

రాజు మీసం దువ్వాడు. "దాటుతుంది! నా శాసనానికి మినహాయింపు లేదు."

నెల గడువు దొరికిందనుకుంది పిచ్చితల్లి. కానీ ఊళ్లు మునిగేటప్పుడు నత్తలా పాకే కాగితం, తల తీసేటప్పుడు గువ్వలా ఎగిరింది. రెండో గడప, మూడో గడప... ముద్ర పడిన ప్రతి చప్పుడూ ఆమె మెడ మీదే పడుతోంది. మధ్యాహ్నానికల్లా ఆరో గడప. తలారి సభ మధ్యలోనే కత్తి తుడుచుకుంటున్నాడు.

"ఆగండాగండి!" ఏడో గడప ముసలి గుమాస్తా పుల్లయ్య కాగితం పట్టుకుని వచ్చాడు. "తల తీశాక ఈమె నా దగ్గరికెలా వస్తుంది? 'నాకు తృప్తి' అని వేలిముద్ర ఎవరు వేస్తారు?"

"ముందే వేయించుకో!" అన్నాడు మంత్రి.

"ఆరు కాకుండా ఏడా? నా తల పోదూ?"

ఓబులమ్మ రాజు వైపు తిరిగింది.

"ప్రభూ... ఈ పని ఏడో గడప దాటదు. దాటకపోతే, మొదలుపెట్టినవారి తల..." ఆపైన అనలేకపోయింది.

మొదలుపెట్టింది ఎవరో అందరికీ తెలుసు. గజకేతుడి చెయ్యి తనకు తెలియకుండానే తన మెడ తడుముకుంది.

"ఈ ఒక్కదానికి వేరే దారి చూద్దాం ప్రభూ" అని మంత్రి గొణిగాడు. "దీని సంగతి వేరు కదా."

"గట్టు సంగతీ వేరేనండీ" అంది ఓబులమ్మ, కన్నీళ్లు కారుతుండగానే. "రోజూ వచ్చే ఉప్పుకీ నూనెకీ ఏడు గడపలూ మేలే. వచ్చిన కష్టం కొత్తదైతే, దాన్ని చూసి దారి వేయాలి. నేను చేసిందంతే."

ఉన్నట్టుండి రాజు సింహాసనం అదిరేలా నవ్వాడు.

"నా గడప నాకే తగిలిందే! తల మాట వదిలేయండి. ఉప్పూ నూనే గడపల దారినే పోనీయండి. దారి తెలియని కష్టమేదైనా ఇకపై ఓబులమ్మ మూటలోకి వెళ్తుంది. అమ్మాయీ, నీకు ముత్యాలహారం ఇస్తున్నాను."

"ఎన్ని గడపలు దాటి వస్తుందండీ?"

రాజు మళ్లీ నవ్వి, దిగివచ్చి, తన మెడలోని హారాన్ని తీసి స్వయంగా ఆమె మెడలో వేశాడు. చల్లగా ఏదో తగలగానే ఓబులమ్మ కెవ్వుమని కళ్లు మూసుకుంది.

తెరిచేసరికి పుల్లయ్య సిరా గిన్నెతో నిలబడి ఉన్నాడు.

"హారం పని పూర్తయిందిగా తల్లీ. తృప్తే అయితే, వేలిముద్ర వెయ్యి."