ఏడుగురు ఓబులేసులు

ఓబులేసుకు చీకటంటే భయం. ఇరవై ఆరేళ్ళు, మెలితిప్పిన మీసం, అయినా భయమే. ఈ సంగతి ఫోటోగ్రాఫర్ దావూదు ఉస్తాదుకు తప్ప ఎవరికీ తెలియదని వాడి నమ్మకం. నిజానికి ఆయన స్టూడియో వీధిలో పిల్లులకు కూడా తెలుసు.

నాలుగేళ్ళుగా పెళ్ళిళ్ళలో ఉస్తాదు పక్కన ఫ్లాష్ పట్టుకుని నిలబడుతున్నాడు. ఒకరోజు పొద్దున్నే ఆయన వాణ్ణి కర్నూలు వైపు కొండల్లో ఓ గుహకు తీసుకెళ్ళాడు. టార్చి వేసి లోపలంతా తిప్పి చూపించాడు.

"ఇదంతా ఒక్క ఫోటోలో రావాల. తీసినావంటే రేపట్నించి కెమెరా నీ చేతిలో. లేదంటే ఫ్లాష్ పట్టుకునుండు."

స్టాండు మీద కెమెరా బిగించాడు. "దీని కన్ను తెరిచే పెడతా. చీకట్లో దానికేమీ కనబడదు. నువ్వు పోయి ఫ్లాష్ కొట్టిన చోటల్లా ఫోటోలోకి ఎక్కుతుంది. టార్చి వేసినావో, గీతలు పడతాయి."

"టార్చి లేకుండానా ఉస్తాదూ? పాములుంటే?"

"ఉంటే అవి గూడా పడతాయిలే ఫోటోలో. పో."

టార్చి ఆరింది. ఓబులేసుకు తన చెయ్యి తనకే కనబడలేదు. నాలుగడుగులు వేశాడు. వెనక ఎవరో నాలుగడుగులు వేశారు. ఆగాడు. వాళ్ళూ ఆగారు. నెత్తి మీద ఏదో రెక్కలు కొట్టింది. చప్పున కాళ్ళవైపు ఫ్లాష్ కొట్టుకున్నాడు. ఏమీ లేదు. వెలుగు పోయాక చీకటి ఇంకా చిక్కబడింది. మరి వీపు వెనక? అటు తిప్పి కొట్టాడు. మెడ మీద చల్లటి బొట్టు పడింది. "అమ్మా!" అన్నాడు. గుహ కూడా "అమ్మా" అంది. మిగతావి ఎటు కొట్టాడో వాడికే తెలియదు.

కెమెరా దగ్గరికి వచ్చి పడ్డాక చూస్తే, ఫోటోలో గుహ లేదు. ఏడుగురు ఓబులేసులున్నారు. ఒకడు నెత్తి పట్టుకున్నాడు, ఒకడు గొంతుక్కూచున్నాడు, ఒకడు నోరు తెరిచి పరిగెడుతున్నాడు.

ఉస్తాదు నవ్వలేదు. వాడికి దాంతో మరింత భయం వేసింది. ఆయన కెమెరా కన్ను మళ్ళీ తెరిచి, ఫ్లాష్ తీసుకుని, నొప్పి మోకాలు ఈడ్చుకుంటూ, తనే చీకట్లోకి పోయాడు.

కుడి గోడ మెరిసింది. ఎడమ గోడ మెరిసింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

"ఉస్తాదూ!"

గుహ ఒక్కటే పలికింది.

"ఉస్తాదూ, పలకండి!"

ఎక్కడో గుహ చివర మెరిసింది. ఓబులేసు ఊపిరి వదిలాడు. ఆ తర్వాత ఇంకో ఆరు చోట్ల మెరిసింది.

ఆయన తిరిగొచ్చాక ఇద్దరూ ఫోటో చూశారు. కప్పు నుంచి వేలాడే రాళ్ళు, గోడల మడతలు, నీటి చారలు, అన్నీ ఉన్నాయి.

"తొమ్మిది చోట్ల నిలబడినారు కదా ఉస్తాదూ. ఒక్కచోట గూడా మీరు లేరే?"

"నేను చూసేదానికి పోయింది గుహనురా," అన్నాడు ఆయన, మోకాలు రుద్దుకుంటూ.

ఓబులేసు కెమెరా కన్ను మళ్ళీ తెరిచి, ఫ్లాష్ అందుకుని లోపలికి నడిచాడు. భయం పోయిందా అంటే, ఎక్కడ పోయింది! పళ్ళు టకటకలాడటం ఉస్తాదు దాకా వినబడింది.

కాసేపటికి, ఎదురు గోడ వెలిగింది.