నల్లమోము మింగిన కేక

ఇప్పలవాగు అడవిలో దుప్పులు, అడవిపందులు, ముళ్ళపందులు, కొండముచ్చులు ఉండేవి. వాటన్నిటినీ ఒక పెద్దపులి ఏలేది. ఏలడమంటే ఏముంది, ఆకలేసినప్పుడల్లా వచ్చి ఒకరిని పట్టుకుపోవడమే.

ఆ అడవిలో ఎవరి దేవుడు వాళ్ళకున్నాడు. దుప్పులు పొద్దున్నే సూర్యుడికి మొక్కేవి. పందులు సాయంత్రం చంద్రుడికి మొక్కేవి. ముళ్ళపందులకు ఒక పుట్ట ఉండేది. పులి పందిని పట్టుకుపోతే, "పోయింది చంద్రుడి వాళ్ళే కదా" అని దుప్పులు మళ్ళీ గడ్డిలో తల పెట్టేవి. దుప్పి పోతే పందులూ అంతే. పైకి అలా అన్నా, ఎండుటాకు కదిలితే చాలు అందరి గుండెలూ జారిపోయేవి. తిన్నది ఎవరికీ ఒంటబట్టేది కాదు.

నల్లమోము అనే కొండముచ్చుకు ఈ బతుకు నచ్చలేదు. ఒకరోజు అది మద్దిచెట్టు చిటారుకొమ్మకెక్కి అందరినీ పిలిచింది.

"నాకు పైనుంచి పులి కనబడుతుంది. పందులకు దాని వాసన తెలుస్తుంది. వాగు ఇసుకలో ఉండే తీతువు పిట్టకు దాని అడుగులు వినబడతాయి. ఎవరికి ముందు తెలిస్తే వాళ్ళు కేకెయ్యండి. మిగిలినవాళ్ళు ఆ కేక అందుకోండి. ఎవరి మొక్కు వారిది, కేక అందరిది!"

అలా కేక సంఘం పుట్టింది. పులి గడ్డిలో అడుగు పెడితే చాలు, అడవంతా ఒక్క గొంతుతో అరిచేది. దొంగతనం బయటపడ్డాక పులి ఏం వేటాడుతుంది? సిగ్గుపడి వెనుదిరిగేది. దాని డొక్కలు లోపలికి పోయాయి. దాని వెంట తిరిగే నక్కకు ఎముక ముక్క కూడా దొరకలేదు.

సంఘానికి పేరొచ్చింది. నల్లమోముకు ఇంకా ఎక్కువ వచ్చింది. రాలిన ఇప్పపూలన్నీ మొదట దానికే కుప్ప పోసేవారు. తిని తిని అది బలిసింది. చిటారుకొమ్మ మొయ్యనంటే కింది కొమ్మకు, అక్కడినుంచి బండ మీదికి దిగింది. ఇప్పుడు "నల్లమోము అన్నా" అంటే పలకదు. "అధ్యక్షులవారూ" అనాలి.

నక్క ఊరుకుంటుందా? దుప్పుల చెవిలో ఊదింది.

"మీరు మొక్కుకునే మైదానాన్ని పందులు తవ్విపోస్తున్నాయి. మీరు పెట్టిన పూలు తిని మీ అధ్యక్షుడు ఆ పందుల కోసమే గొంతు చించుకుంటున్నాడు. చూస్తూ కూర్చోండి!"

అడవిలో దుప్పులే ఎక్కువ. అవి గొణగడం మొదలుపెట్టేసరికి నల్లమోముకు దడ పుట్టింది. దుప్పులు పోతే సంఘం ఏమవుతుంది? సంఘం పోతే పూలు ఎవరు పెడతారు? కూర్చోలేక, నిలబడలేక బండ చుట్టూ తిరిగింది.

ఆ సాయంత్రమే దానికి పులి కనబడింది. తన వాసన తెలియకుండా గాలికి ఎదురు పాకుతూ పందుల బురదగుంట వైపు పోతోంది. ఒడ్డున బురదమ్మ అనే తల్లిపంది పిల్లలకు పాలిస్తోంది. నల్లమోముకు కేక గొంతు దాకా వచ్చింది. పక్కనే దుప్పులు మేస్తున్నాయి. 'ఇప్పుడు అరిస్తే వీళ్ళేమంటారో' అనుకుని, ఆ కేకను గుటుక్కున మింగేసింది.

తీతువు విని అరిచేసరికే ఆలస్యమైంది. పులి నోట ఒక పందిపిల్ల వేలాడుతోంది.

బురదమ్మ ఏడుస్తూ వచ్చింది. "అన్నా, నీకు కనబడలేదా?"

"కనబడిందమ్మా. కానీ సమయం అలాంటిది. అందరినీ కలుపుకుపోవాలి కదా!"

"నా బిడ్డను వదిలేసి ఎవరిని కలుపుకుంటావు?"

తీతువు రెక్కలు కొట్టుకుంటూ అంది. "కేకేసే ముందు ఎవరి కోసమని లెక్క చూస్తే అది కేక కాదయ్యా, బేరం!"

"అపశకునపు పిట్టా, నోరు ముయ్యి!" అని నల్లమోము కసిరింది.

మర్నాడు అది దుప్పులకంటే ముందే లేచి, వాటికంటే గట్టిగా సూర్యుడికి మొక్కింది. పందులు అలిగాయని సాయంత్రం బురదలో పొర్లి చంద్రుడికీ మొక్కింది. అడవిలో గోడలు లేవు గానీ, ఉంటే ఏ పిల్లికీ చోటు దొరికేది కాదు. ఆ బురద చూసి దుప్పులు మొహం తిప్పుకున్నాయి. ఆ దొంగ మొక్కు చూసి పందులు గుర్రుమన్నాయి. నల్లమోము రెంటికీ చెడ్డ రేవడి అయింది.

పందులు సంఘం వదిలేశాయి. ముళ్ళపందులు పుట్ట దగ్గరికి పోయాయి. "సూర్యుడికి మొక్కడానికైతే మాకు మేము చాలమా, వీడెందుకు?" అని దుప్పులూ వెళ్ళిపోయాయి. పులి కూడా సూర్యుడి భక్తుడేనని నక్క చెబితే, కొన్ని దుప్పులు దాని గుహకు వరస కట్టాయి. అవి తిరిగి రాలేదు.

ఒక మధ్యాహ్నం నల్లమోము బండ మీద వాడిపోయిన పూలు ఏరుకుంటోంది. వెనక గడ్డి కదిలింది. తిరిగి చూస్తే పులి! ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని కేకేసింది.

దుప్పులు తలెత్తాయి. "పందుల కోసమేమో" అనుకున్నాయి. పందులు చెవులు రిక్కించాయి. "దుప్పుల కోసమేమో" అనుకున్నాయి. ఒక్కరూ కేక అందుకోలేదు. బలిసిన ఒంటితో నల్లమోము చెట్టెక్కలేకపోయింది.

కొన్నాళ్ళకు పులి దుప్పి పిల్లల వైపు వచ్చింది. తీతువు అరిచింది. ఆ కేకను అందరికంటే ముందు, అడవి దద్దరిల్లేలా అందుకున్నది బురదమ్మ. ఆ వెనకే పందులు, ముళ్ళపందులు, దుప్పులు అరిచాయి. పులి తోక ముడిచింది.

ఒక దుప్పి బురదమ్మ దగ్గరికి వచ్చింది. "అక్కా, అవి మా పిల్లలు. నువ్వెందుకు అరిచావు?" అని అడిగింది.

"ఎవరి పిల్లలో నేను చూడలేదు తమ్ముడూ. కేక వినబడింది, అరిచాను" అంది బురదమ్మ.

నీతి: అందరి కోసం లేవాల్సిన గొంతు కొందరికి భయపడి మూగబోతే, రేపు తన కోసం లేచినా దాన్ని ఎవరూ అందుకోరు.