చెప్పులు విడిచిన నక్క

కొండ కింద అడవిలో ఆ ఏడు ఎండలకు చెలమలన్నీ ఇంకిపోయి ఒక్క మడుగు మిగిలింది. నీళ్ళు తక్కువ కాబట్టి, కాళ్ళు దెబ్బతిన్నవాళ్ళు ముందు తాగాలని జంతువులన్నీ కట్టుబాటు చేసుకున్నాయి. వరస చూసే బాధ్యత గంగన్న అనే ముసలి దున్నపోతుది. మొదటి వంతు పోలి అనే గాడిదకు వచ్చింది. క్వారీలో ఏళ్ళ తరబడి రాళ్ళు మోయించి, గిట్టలు పగిలాక యజమాని దాన్ని అడవిలోకి తోలేశాడు.

ఆ అడవిలోనే శేషగిరి అనే నక్క ఉండేవాడు. ఎవరో పారేసిన రబ్బరు చెప్పులు దొరికితే ముందుకాళ్ళకు తొడుక్కుని కొన్నాళ్ళు టపటపా తిరిగాడు. ఒకరోజు మడుగు దగ్గర అందరూ చూస్తుండగా వాటిని విడిచి, వాన పడేదాకా ఉత్తకాళ్ళతోనే నడుస్తానని, ఇదంతా అడవి మేలు కోసమేనని చెప్పాడు. తన పాదాల మీద తనే పాట కట్టి పాడాడు. నేలతల్లి వేడినంతా తన అరికాళ్ళే తాగుతున్నాయట. కుందేళ్ళు కళ్ళు తుడుచుకున్నాయి. గంగన్న ఆ పాటకు కరిగిపోయాడు. మొదటి వంతు నక్కకిచ్చి, పోలిని వరస చివరికి పంపేశాడు.

చివరికి బురదే మిగిలేది. పోలి కొన్నాళ్ళు ఓర్చుకుంది. ఒకనాడు ఆ పాట వింటూ వింటూ ఒళ్ళు మండి గంగన్న ఎదురుగా వచ్చి నిలబడింది.

"పెద్దయ్యా, చెప్పులు విడిచినందుకు ఆయన త్యాగి అయితే, పుట్టిన దగ్గర్నుంచీ చెప్పులే లేనివాళ్ళం మేమేమవుతాం?"

ఆయనది దీక్ష, నీది అలవాటు అన్నాడు గంగన్న, తల తిప్పుకుని.

"అలవాటైతే నొప్పి పుట్టదా?"

అసూయ మంచిది కాదని శేషగిరి పోలికి మెత్తగా హితవు చెప్పాడు.

కొద్దిరోజులకు ఆ మడుగూ ఎండింది. నల్లరాతి బండ పరుచుకున్న చట్టు అవతల నీళ్ళున్నాయని కొంగ కబురు తెచ్చింది. మిట్టమధ్యాహ్నం, రాయి పెనంలా కాలుతోంది. అయినా ఆగడానికి లేదు, జింకపిల్లలు దాహంతో సోలిపోతున్నాయి. దీక్షలో ఉన్న పాదాలే ముందు నడవాలని, తామంతా వెనకే వస్తామని పోలి అంది. అందరూ సరేనన్నారు. సాయంత్రం వెళదామని, తలనొప్పిగా ఉందని శేషగిరి గునిశాడు. ఎవరూ కదలకపోయేసరికి చట్టు మీద కాలు పెట్టి, నాలుగడుగులు గెంతి, కేకలు పెడుతూ వెనక్కి పరుగెత్తాడు. తనను వీపు మీద ఎక్కించుకోమని గంగన్నను బతిమాలాడు.

గంగన్న వాడివైపు చూడలేదు. మోకాళ్ళ మీద వంగి జింకపిల్లలను ఎక్కించుకున్నాడు. పోలి పగిలిన గిట్టలతో చట్టు మీదికి నడిచింది. అడుగడుక్కీ ఒళ్ళు వణికింది, అయినా ఆగలేదు. మిగతావాళ్ళు దాని వెనకే నడిచారు.

నీళ్ళ దగ్గర గంగన్న పక్కకు తప్పుకుని దారిచ్చాడు. పోలి మొహమాటపడలేదు, కడుపునిండా తాగింది. తన వల్ల తప్పు జరిగిందని గంగన్న ఏదో చెప్పబోతే, "మాటలొద్దు పెద్దయ్యా, వరస సరిగ్గా చూడు" అంది.

రాయి చల్లబడ్డాక శేషగిరి వచ్చి మళ్ళీ దీక్ష సంగతి ఎత్తుకున్నాడు. ఒక్కరూ తలెత్తలేదు.

లేనివాళ్ళ కష్టాన్ని వేషంగా కట్టుకున్నవాడు, ఆ కష్టమే నిజంగా ఎదురైన రోజున నిలబడలేడు.