కచేరీ గడప

శౌరికి ఒకటే బెంగ. ఆజ్ఞ ఇవ్వబోతే గొంతు వణుకుతుంది.

చదువులో లోటు లేదు, ధైర్యంలోనూ లోటు లేదు. దొంగ ఓడ మీదికి ఒంటరిగా దూకమంటే దూకేస్తాడు. ఇంకొకణ్ణి దూకమని చెప్పాల్సి వస్తేనే నోరు పెగలదు. సేనాని కావలసినవాడికి అంతకంటే పెద్ద రోగం ఏముంటుంది చెప్పండి!

అతను ఉండేది నల్లకోటలో. కోట అనగానే బురుజులూ అగడ్తలూ ఊహించుకోకండి. అది శనిగ్రహం చుట్టూ తిరిగే మంచు వలయాల పక్కన, చీకట్లో నిలబెట్టిన పెద్ద ఇనుప ఓడ. వలయాల్లోంచి మంచు తవ్వుకొచ్చే పడవలకు అది కాపలా. ఆ మంచు కరిగితేనే చుట్టుపక్కల ఊళ్ళకు తాగడానికి నీళ్ళు. అందుకని ఆ ఓడని అక్కడ నిలబెట్టి, ఇక కదలకూడదని పైవాళ్ళు శాసనం చేశారు. నిలబడి నిలబడి దానికి కోట అనే పేరు స్థిరపడిపోయింది.

కోటకు సేనాని తాయారమ్మ. చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ణి ‘అమ్మా’ అనే పిలుస్తారు. శౌరి ఆమె దగ్గర ఆరేళ్ళుగా శిష్యరికం చేస్తున్నాడు. ఆమె దిగిపోయే రోజులు దగ్గరపడ్డాయి. ఆమె స్థానంలో శౌరిని వేస్తూ పైనుంచి ఉత్తర్వు రావాలి. అది వచ్చేలోపు అలవాటు పడమని శౌరిని కుర్చీలో కూర్చోబెట్టి, తను ఓ మూల చిన్న పీట వేసుకుని, చలికి కాళ్ళ మీద దుప్పటి కప్పుకుంది. కోటలో పండించే చిక్కుడుకాయల బుట్ట ఒకటి ముందు పెట్టుకుని, వంటింటి కోసం ఈనెలు తీస్తూ కూర్చునేది.

సేనాని గదిని అక్కడివాళ్ళు కచేరీ అంటారు. పాటా లేదు, మద్దెలా లేదు, అయినా కచేరీయే! గదంతా మసక చీకటి. మధ్యలో నల్లటి అద్దంతో చేసిన గుండ్రటి బల్ల. ఆ బల్లలో ఆకాశమంతా వెలుగుతుంటుంది. ఓడలూ పడవలూ అందులో తెల్లటి చుక్కలు. బల్లని ఆనుకుని ఒకే ఒక్క కుర్చీ, మెట్టెక్కి కూర్చోవాలి. ఎంత గట్టి గొంతువాడైనా ఆ గదిలోకి వస్తే స్వరం తగ్గించేస్తాడు. కుర్చీలోని మనిషి ఒక చుక్క మీద వేలు పెట్టి జరిపితే చాలు, ఎక్కడో ఒక పడవకు ఆజ్ఞ అందుతుంది, అది బయల్దేరుతుంది.

ఆ కుర్చీ మహిమేమో గానీ, అందులో కూర్చున్న నాటినుంచి శౌరికి వణుకు పోయింది. చుక్కని జరపడానికి గొంతుతో పనేముంది? పొద్దుటినుంచి సాయంత్రం దాకా టకటకా ఆజ్ఞలు పంపేస్తున్నాడు. తనలో ఇంత సమర్థత దాగుందా అని అతనికే ఆశ్చర్యం వేసింది.

“అమ్మా, నా జబ్బు నయమైపోయింది,” అన్నాడు ఒకరోజు, పొంగిపోతూ.

“ఏం మందు పడిందిరా?”

“ఈ కుర్చీయే.”

“ఊఁ,” అని తాయారమ్మ ఇంకో కాయ తీసుకుంది.

ఆ మర్నాడు ఒక కబురొచ్చింది. మంచు తవ్వే పడవ ఒకటి యంత్రం చెడిపోయి వలయాల వైపు కొట్టుకుపోతోంది. అందులో తొమ్మిది మంది ఉన్నారు. వలయం అంటే దూరానికి ముచ్చటగా కనిపిస్తుంది గానీ, దగ్గరకు పోతే ఇంటంత మంచుగడ్డలు ఒకదాన్నొకటి కొట్టుకుంటూ తిరుగుతుంటాయి. అందులో పడ్డ పడవ పిండైపోతుంది.

శౌరి కంగారు పడలేదు. బల్ల మీదికి వంగి లెక్క మొదలుపెట్టాడు. వేగంగా పోయే పడవ కోటలో ఒక్కటే ఉంది. దాన్ని నడిపేది నాంచారయ్య. ఇంధనమంతా మండించి పరిగెత్తిస్తే ఆ తొమ్మిది మందిని వేళకి అందుకోవచ్చు. వెనకనుంచి తోసి వాళ్ళని క్షేమమైన దారిలోకి మళ్ళించవచ్చు. అటుగా వచ్చే సరుకుల ఓడ వాళ్ళని ఎక్కించుకుంటుంది. కాకపోతే, తోసేశాక నాంచారయ్య పడవలో చుక్క ఇంధనం మిగలదు. అది తిరిగి రాలేదు. తోసిన ఊపుకి వెనక్కి తన్నుకుని వలయంలోకే పోతుంది.

ఎన్ని రకాలుగా వేసినా అదే తేలింది. శౌరి నిటారుగా కూర్చున్నాడు. చేతులు చూసుకున్నాడు. వణకడం లేదు. లోపల ఎక్కడో కాస్త గర్వంగా కూడా అనిపించింది, ఇంత కఠినమైన నిర్ణయం ఇంత నిబ్బరంగా తీసుకోగలిగినందుకు.

“ఒకటి పోతే తొమ్మిది దక్కుతాయమ్మా,” అని లెక్కంతా చదివి వినిపించాడు. “తప్పేమైనా ఉందా?”

“లెక్కలో తప్పు లేదు.”

“అయితే ఆజ్ఞ పంపనా?” నాంచారయ్య పడవ చుక్క మీద వేలు పెట్టాడు.

“పంపుదువుగాని. ముందు నాంచారయ్యని ఒకసారి ఇటు పిలు,” అంది తాయారమ్మ. “నేనెప్పుడూ గడప దాకా వెళ్ళి సాగనంపుతాను కదా. ఇవాళ నేను లేచేలా లేను. నువ్వు సాగనంపు.”

అది నిజమే. ఎవరు ఏ పని మీద బయల్దేరుతున్నా తాయారమ్మ కుర్చీ దిగి గడప దాకా నడిచేది. అది ముసలావిడ చాదస్తమని శౌరి అభిప్రాయం. ఒకపక్క పడవ కొట్టుకుపోతుంటే మర్యాదలేమిటని విసుగొచ్చింది కూడా. అయినా గురువు మాట. పిలిపించాడు.

నాంచారయ్య శిరస్త్రాణం చంకలో పెట్టుకుని చక్కా వచ్చాడు. యాభై దాటిన మనిషి. అతనికి పడవ నడపడం నేర్పింది తాయారమ్మే. శౌరి కుర్చీ దిగి గడప దగ్గరికి వెళ్ళాడు. లోపల ఇతను, బయట అతను.

“పిలిచారట బాబూ.”

“ఆ తొమ్మిది మంది పడవ...”

“తెలిసిందండీ. వెళ్ళి వెనకనుంచి ఓ తోపు తొయ్యాలి, అంతేగా! పడవ సిద్ధం చేసేశా.” నాంచారయ్య శౌరి భుజం మీదుగా లోపలికి తొంగి చూశాడు. “ఇవాళ చిక్కుడుకాయ కూరా అమ్మా? నాకు కాస్త తీసి పక్కన పెట్టమనండి. ఆలస్యంగా వస్తే మీ వంటవాళ్ళు అడుగంటింది వడ్డిస్తారు.”

“చెప్తాలేరా,” అంది తాయారమ్మ తలెత్తకుండా.

“సరే బాబూ, వెళ్ళొస్తాను.”

అని, అక్కడే నిలబడ్డాడు.

మనవాళ్ళలో ఎవరైనా గడప దగ్గర ‘వెళ్తాను’ అంటారా? పక్కింటికి పెరుగు తోడుకు పోతూ కూడా వెళ్ళొస్తాననే అంటారు. ఎదుటివాళ్ళు ‘వెళ్ళిరా’ అనాలి. అది విన్నాకే కాలు కదుపుతారు. భూమిని వదిలేసి అన్ని కోట్ల మైళ్ళు పోయినా మన జనం ఈ ఒక్క అలవాటూ వదల్లేదు. నాంచారయ్య ఆ మాట కోసమే ఆగాడు.

శౌరి నోరు తెరిచాడు. ‘వెళ్ళి’ దాకా వచ్చింది. ‘రా’ రాలేదు.

దగ్గాడు. మళ్ళీ ప్రయత్నించాడు. రాలేదు. పోనీ ఉట్టి ‘వెళ్ళు’ అందామా అంటే, కూరలో వాటా అడిగి ఎదురుగా నిలబడ్డ మనిషిని పట్టుకుని ఆ మాట ఎవరనగలరు? గదిలో చిక్కుడు ఈనె తెగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

“ఏం బాబూ, ఒంట్లో బాగాలేదా?”

“ఆగు నాంచారన్నా.” శౌరి గొంతు వణికింది. పాత జబ్బు పూర్తిగా తిరగబెట్టింది. “నీ పడవలో తిరిగి రావడానికి ఇంధనం చాలదు.”

నాంచారయ్య ముఖంలో నవ్వు పోయింది. శిరస్త్రాణాన్ని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

“ఆ సంగతి నాకెప్పుడు చెబుదామనుకున్నారు?”

“చెబుదామనుకోలేదు.”

నాంచారయ్య ద్వారబంధానికి చెయ్యి ఆనించాడు. “తొమ్మిది మంది కదా. అడిగుంటే సరేననేవాణ్ణేమో. ఏమో, అనకపోదునేమో కూడా. కానీ అడగాలి కదా బాబూ,” అన్నాడు.

శౌరికి ఆ ముఖంలోకి చూడటం చేత కాలేదు. సిగ్గుతో తల పక్కకి తిప్పుకున్నాడు. తిప్పితే ఎదురుగా బల్ల.

కుర్చీ ఎక్కిన నాటినుంచి అతను ఆ బల్లని అందులో కూర్చునే చూశాడు. గడప దగ్గర నిలబడి చూడటం ఇదే మొదలు. చుక్కలన్నీ వెలుగుతున్నాయి. కదలగలిగినవన్నీ ఉన్నాయి. బల్లకి సరిగ్గా మధ్యలో ఒక ఇత్తడి బొడిపె ఉంది. దూరాలన్నీ దానినుంచే కొలుస్తారు. అది వెలగదు. వేలితో జరపడానికీ లేదు, మరలు వేసి బిగించేశారు. అది నల్లకోట.

“అమ్మా,” అన్నాడు శౌరి నెమ్మదిగా, “ఈ కోట కదుల్తుందా?”

“ఓడే కదరా.”

“కదిపితే?”

“కదిపినవాడికి ఇక కుర్చీ ఉండదు. నీకు తెలియందేముంది?”

తెలుసు. శిష్యరికంలో చేరిన తొలినాడు వల్లెవేసిన నియమం అదే. ఆ కుర్చీ అంటే అతనికి ఎంత ఆశో! కొడుకు సేనాని కాబోతున్నాడని వాళ్ళమ్మ అప్పుడే ఊరందరికీ చెప్పేసుకుంది కూడా. ఆరేళ్ళు నిద్ర కాచి, తిట్లు తిని, ఇంకో నాలుగు రోజుల్లో చేతికందబోతున్న పదవి అది.

బల్ల దగ్గరికి వెళ్ళి, నిలబడే మళ్ళీ లెక్క వేశాడు. కోట నెమ్మదిగా కదిలినా, వలయం అంచు దాకా ఎదురెళ్తే నాంచారయ్య తిరిగి రావాల్సిన పని లేదు. ఇంధనం అయిపోయిన అతని పడవని వలయంలో పడకముందే కోట కొక్కేలతో అందుకుని లాగెయ్యవచ్చు. కోట ఖాళీ చేసిన చోట గస్తీ పడవలు కాపలా ఉంటాయి. తొమ్మిదీ దక్కుతాయి, ఒకటీ దక్కుతుంది. పోయేదల్లా ఒకటే.

శౌరి గడప దగ్గరికి తిరిగొచ్చాడు.

“నాంచారన్నా, నువ్వు ముందు పద. నీ వెనకాలే మేమూ వస్తాం, వలయం అంచు దాకా.”

“కోటంతానా?”

“కోటంతా.”

నాంచారయ్య శిరస్త్రాణం తలకి పెట్టుకుంటూ, “అయితే వంటింట్లో గిన్నెలు గట్టిగా కట్టేసుకోమనండి,” అన్నాడు. “వెళ్ళొస్తాను బాబూ.”

“వెళ్ళిరా అన్నా.”

ఈసారి మాట మొత్తం వచ్చింది. నాంచారయ్య వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఎన్నేళ్ళుగానో ముట్టుకోని యంత్రాలు మూలుగుతూ లేచాయి. కోటంతా గడగడలాడింది. జనం దొరికింది పట్టుకుని నిలబడ్డారు. తాము ఉంటున్నది ఓడ అని సగం మందికి ఆవేళే గుర్తొచ్చింది. సాయంత్రానికి ఆ తొమ్మిది మందీ క్షేమమైన దారిలో పడ్డారు. ఇంధనం అడుగంటిన పడవని మంచుగడ్డలకి అల్లంత దూరంలో కోట కొక్కేలు అందుకుని లాగేశాయి. నాంచారయ్య దిగీ దిగగానే నేరుగా వంటింట్లోకి పోయాడు.

పైవాళ్ళ దగ్గర్నుంచి బల్ల మీద ప్రశ్న వెలిగింది: కోటను కదిపింది ఎవరు?

శౌరి తన పేరు చెప్పాడు. జవాబుకి ఎక్కువసేపు పట్టలేదు. ఇంకొకరిని పంపుతున్నారు. శౌరి సామాను సర్దుకోవాలి.

అది చదివాక అతనికి ఏడుపొచ్చింది. వస్తే ఏడ్చాడు. తాయారమ్మ ఊరుకోమని అనలేదు. కళ్ళు తుడుచుకుని వెళ్ళి ఆమె పీట పక్కన నేల మీద కూర్చున్నాడు. బుట్టలో కాయలు ఎప్పుడో అయిపోయాయి.

“అమ్మా, ఒక్కటి చెప్పండి. పొద్దున ఆ మాట నాకు తడబడకుండా వచ్చేసి ఉంటే ఏం చేసేవారు?”

తాయారమ్మ ఒళ్ళోని దుప్పటి తీసి పక్కన పెట్టింది.

ఆమె కాళ్ళకి పడవ నడిపేవాళ్ళ బూట్లున్నాయి. మోకాళ్ళ దాకా వచ్చే బరువైన బూట్లు. గాలి చొరకుండా ఇనుప గడీలన్నీ చివరిదాకా బిగించి ఉన్నాయి.

“తొడుక్కున్నానే గానీ, విప్పుకోవడం నావల్ల కావట్లేదు నాయనా. కాస్త విప్పి పెట్టు,” అంది.

“ఇవి ఎప్పుడు తొడుక్కున్నారమ్మా?”

“నువ్వు లెక్క వేసుకుంటున్నప్పుడు.”

శౌరి ఆమె కాళ్ళ దగ్గరికి జరిగాడు. వంగి గడీలు విప్పడం మొదలుపెట్టాడు. పొద్దుటినుంచీ బిగిసి ఉండి ఆమె పిక్కలు కమిలిపోయి ఉన్నాయి. నొప్పి తగలకుండా, ఒక్కొక్కటే నెమ్మదిగా విప్పాడు.