తాయారు చూసుకున్న తుత్తురబెండ

చిట్టితల్లీ, ఈ మధ్య నాకు ముందుది వెనక, వెనకది ముందు అయిపోతోంది. తడబడితే నవ్వకుండా విను.

అనగనగా ఒక ఊళ్ళో, వాన ఎప్పుడో చుట్టపుచూపుగా వచ్చిపోయే మెట్ట ఊళ్ళో, ఓబుళమ్మ అని ఒకావిడ ఉండేది. ఆమె పెరడంతా ఎండ, గులకరాళ్ళు. అందులో మూడు తుత్తురబెండ మొక్కలు. సాయంత్రమయ్యేసరికి పసుపుపచ్చటి పూలు విచ్చుకునేవి. వాటి విత్తనం ఆమె పుట్టింటిది. ఆ ఇల్లూ లేదు, ఆ మనుషులూ లేరు. ఆ మొక్కలే మిగిలాయి.

ఆమె కొడుక్కి కొత్తగా పెళ్ళయింది. కోడలు తాయారు కాలవ కింద ఊరి పిల్ల.

అప్పుడు పట్నంలో కూతురికి కాన్పు వచ్చింది. ఓబుళమ్మ మూడు నెలలు సాయానికి వెళ్తూ, "మొక్కల్ని చూసుకో అమ్మీ" అంది. అంతే అంది.

తాయారు వాళ్ళ ఊళ్ళో చూసుకోవడమంటే నీళ్ళు పోయడమే. పొద్దునొక బిందె, సాయంత్రమొక బిందె పోసింది. కొన్నాళ్ళకి మొదటి మొక్క ఆకులు పండిపోయాయి. దాహమేమోనని ఇంకో బిందె పోసింది. అది చచ్చిపోయింది.

ఆ తర్వాత రెండోది వాడింది. ఎండదెబ్బ అనుకుని తడిక అడ్డం పెట్టి మరీ పోసింది. పక్కింటి రామక్క గోడ మీంచి చూసి, "ఏం పిల్లా, చెట్టుకు నీళ్ళు పోస్తాండావా, మడి కడతాండావా?" అంది. తాయారుకి ఒళ్ళు మండింది. మర్నాడు పట్టుకుంటే మొక్క చేతిలోకి ఊడొచ్చింది. వేళ్ళు కుళ్ళి ముద్దయిపోయాయి.

ఇక ఒక్కటే ఉంది. అదీ పోతే అత్తకి పుట్టిల్లన్నది లేనట్టే. తాయారు తడిక తీసేసింది, నీళ్ళు మానేసింది. అదేమంత తేలికనుకున్నావు? మధ్యాహ్నం ఆకులు వేలాడితే తాయారు ప్రాణం ఉసూరుమనేది. మూడుసార్లు బిందె ఎత్తింది, మూడుసార్లు దించేసింది. చల్లబడ్డాక ఆకులు వాటంతటవే లేచేవి. అలా ఆ మొక్క నిలబడింది, పూసింది, కాసింది.

అప్పుడు ఓబుళమ్మ వచ్చింది. పెరట్లో ఒకటే మొక్క. తాయారు తల వంచుకుని, "నేనే చంపేశానత్తయ్యా. ఎక్కువ పోసేశాను" అంది.

ఓబుళమ్మ మిగిలిన మొక్క దగ్గర కూర్చుని ఆకులు నిమిరింది. ఆ తర్వాత మెల్లిగా, "అందుకేనా నీ చేతి కూడు తిని మావోడు మూడు నెల్లకే అంత లావైనాడు?" అంది.

తాయారు ఏడుస్తూనే నవ్వేసింది. ఓబుళమ్మ ఎండుకాయ ఒకటి తుంచి, నలిపి, విత్తనాలు కోడలి అరచేతిలో పోసింది. "నువ్వే చల్లమ్మీ. నీళ్ళు మాత్రం నేను పోస్తా."

కథేమో కంచికి, బిందేమో మూలకి,
విత్తనం మట్టికి, చిట్టితల్లి పక్కకి.

అత్తగారి పేరు ఓబుళమ్మో, ఓబుళక్కో, రేపు మీ పెద్దమ్మనడిగి నాకు చెప్పమ్మా.