పదకొండో ప్రయాణం

ఏటికి వంతెన లేని కాలం మాట. చేటలల్లే సూరాలుకి అవతలి ఒడ్డున ఒక్కగానొక్క అక్క ఉండేది. పడవ కూలి ఒక రూక. రేవు గుత్తేదారు వల్లభయ్య మాత్రం రాగిబిళ్ళ కొనమనేవాడు.

"ఏడాదికి నాలుగు రూకలే! కూలిచ్చి దాటినప్పుడల్లా బిళ్ళ మీద గాటు పెడతాం. పది గాట్లు పడితే పదకొండోసారి ఉచితం."

ఉచితమన్న మాటకి ఆశపడి సూరాలు మూడేళ్ళు బిళ్ళ కొంది. కొన్నాక కూలికి చేతిలో ఏమీ మిగిలేది కాదు. ఒక్కసారీ ఏరు దాటలేదు.

నాలుగో ఏడు రాజుగారు రేవు చూడవచ్చారు. "ఈ బిళ్ళ ఉంటే ఏరు దాటినట్టే, ప్రభూ!" అన్నాడు వల్లభయ్య.

"అయితే బాబుగారూ, నా బిళ్ళతో మీరు దాటండి. ఈ ఏడు బిళ్ళకిచ్చే రూకలతో నేను దాటతాను," అంది సూరాలు వల్లభయ్యతో.

రాజు సరేనన్నాడు. పడవవాడు బిళ్ళ తిప్పి చూసి, "ఒక్క గాటూ లేదయ్యా, రూక తియ్యండి," అన్నాడు. తను పెట్టిన నియమమే! వల్లభయ్య ఒడ్డునే నిలబడిపోయాడు. సూరాలు రూక ఇచ్చి పడవెక్కింది. రాజు నవ్వి, ఇకమీదట ఆమె దగ్గర కూలి తీసుకోవద్దన్నాడు.

అవతల అక్క గుడిసె పాడుబడి ఉంది. "రేవుకేసి చూసి చూసి, మొన్న వేసవిలో పోయిందమ్మా," అంది పొరుగావిడ.

తిరిగొచ్చేటప్పుడు సూరాలు రూక తీసి ఇవ్వబోయింది. పడవవాడు వద్దన్నాడు. మూడేళ్ళుగా ఆశపడ్డ ఉచిత ప్రయాణం ఇప్పుడు దక్కింది.